ఆల్బమ్‌లో నలుగురు, ఉరికంబం ముందు ఆరుగురు



పోయిన భాగంలో స్టువర్టుపురం సెటిల్‌మెంట్ గురించి రాశాక, లా చదువుతున్న ఇద్దరు ముగ్గురు విద్యార్థులు దాదాపు ఒకే ప్రశ్న పంపారు. "అన్నా, నేరస్థ జాతుల చట్టం 1952లోనే పోయింది కదా. ఇప్పుడు ఎవరికి శిక్ష పడినా సాక్ష్యం మీదే కదా పడేది? కింది కోర్టు తప్పు చేస్తే అప్పీలు ఉంది కదా?"

మంచి ప్రశ్న. సిద్ధాంతంతో కాకుండా ఒక కేసుతోనే జవాబు చెబుతాను. అది బందిపోటు దోపిడీ కేసు, మహారాష్ట్రలోది. సెషన్స్ కోర్టు, హైకోర్టు, సుప్రీంకోర్టు, మళ్ళీ సుప్రీంకోర్టు, అన్ని మెట్లూ ఎక్కింది. పదహారేళ్ళు నడిచింది. అందులోని ముద్దాయిల పేర్లు నేను రాయను. పోలీసు రిజిస్టర్లలో వాళ్ళ తాతల కాలం నుంచి పేర్లు ఎక్కుతూనే ఉన్నాయి, నా గోడ మీద కూడా ఎందుకు? తీర్పు తేదీలు ఇస్తాను. చదవాలనుకునేవాళ్ళకు అవి చాలు.

2003 జూన్ 5 రాత్రి. జాల్నా జిల్లా, భోకర్దన్ తాలూకా. ఈ జాల్నా 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోని మరాఠ్వాడా ప్రాంతమే. ఊరి బయట పొలంలో ఒక గుడిసె. రాత్రి భోజనాలయ్యాక ఇంటివాళ్ళు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఏడెనిమిది మంది లోపలికి జొరబడ్డారు. డబ్బు, నగలు తీసుకున్నారు. అంతటితో పోలేదు. ఐదుగురిని చంపారు. తల్లినీ, పదిహేనేళ్ళ కూతురినీ చెరిచారు. ఆ పిల్ల బతకలేదు. తల్లి, ఒక కొడుకు కొన ఊపిరితో మిగిలారు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మనం ముద్దాయిల పక్షాన రాసేటప్పుడు చచ్చిపోయినవాళ్ళను ఒక వాక్యంలో దాటేసే అలవాటు ఉంది. అది సరికాదు. ఆ తల్లికి ఈ రోజు దాకా న్యాయం జరగలేదన్నది కూడా ఈ కథలో భాగమే.

రెండు రోజుల తర్వాత, జూన్ 7న, పోలీసులు ఆమెకు తమ దగ్గరున్న పాత నేరస్థుల ఫొటోలు చూపించారు. ఆమె నలుగురిని గుర్తుపట్టింది. ఆ రాత్రి వచ్చినవాళ్ళలో వీళ్ళున్నారని వేలు పెట్టి చూపించింది.

కేసు నడిచింది ఆ నలుగురి మీద కాదు. వేరే ఆరుగురి మీద. ఆ ఆరుగురూ సంచార జాతులవాళ్ళు, కూలి చేసుకుని బతికేవాళ్ళు. ఆమె చూపించిన నలుగురు ఏమయ్యారో, వాళ్ళను ఎందుకు వదిలేశారో పోలీసులు కోర్టుకు చెప్పలేదు. తర్వాత జరిగిన గుర్తింపు పరేడ్‌లోనూ, కోర్టు హాల్లోనూ మాత్రం ఈ ఆరుగురినే చూపించడం జరిగింది.

ఇక్కడ కాసేపు ఆగాలి. అప్పీలులో ప్రాణాలు నిలబడేదీ పోయేదీ ఇక్కడే. గుర్తింపు పరేడ్ అనేది దర్యాప్తు దారి తప్పకుండా చూసుకోడానికి పెట్టుకున్న పద్ధతి. అది స్వయంగా సాక్ష్యం కాదు. కోర్టులో జడ్జి ముందు చెప్పిందే అసలు సాక్ష్యం, పరేడ్ దానికి ఊతం మాత్రమే. కోర్టు హాల్లో బోనులో నిలబడ్డవాడిని "వీడే" అని చూపించడం ఎవరికైనా తేలిక. ఎందుకంటే బోనులో వాడొక్కడే ఉంటాడు. అందుకే ఘటన జరిగిన కొత్తలో, జ్ఞాపకం పచ్చిగా ఉన్నప్పుడు, సాక్షి ఎవరిని చూపించింది అన్నదానికి విలువ ఎక్కువ. ఈ కేసులో ఆ మొదటి గుర్తింపు జూన్ 7న జరిగింది. అది ముద్దాయిలకు అనుకూలం. ప్రాసిక్యూషన్ దాన్ని పక్కన పెట్టింది. కింది కోర్టులూ అలాగే చేశాయి.

ఆ తల్లి అబద్ధం చెప్పిందని నేను అనడం లేదు. ఒక్క రాత్రిలో ఇల్లంతా పోగొట్టుకున్న మనిషి ముందు నెలల తర్వాత కొందరిని నిలబెట్టి "వీళ్ళే దొరికారు" అన్న వాతావరణం కల్పిస్తే జ్ఞాపకం ఎటు ఒరుగుతుందో ఊహించుకోండి. ఆమె చేత సాక్ష్యం చెప్పించినవాళ్ళది బాధ్యత.

ఇంకో సంగతి, చట్టం గురించి. మన శిక్షాస్మృతిలో దొంగతనం వేరు, దోపిడీ వేరు, బందిపోటు దోపిడీ వేరు. ఐదుగురు, అంతకు మించి కలిసి దోపిడీ చేస్తే అది బందిపోటు అవుతుంది. 391వ సెక్షన్ నిర్వచనం అదే. 395 కింద యావజ్జీవం దాకా వెయ్యొచ్చు. 396 ఇంకా కఠినం. ఆ గుంపులో ఒక్కడు హత్య చేసినా గుంపులో ప్రతి ఒక్కడికీ ఉరి వెయ్యొచ్చు. ఎవడు కత్తి ఎత్తాడు, ఎవడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు అని ప్రాసిక్యూషన్ విడివిడిగా తేల్చనక్కర్లేదు. నువ్వు ఆ గుంపులో ఉన్నావని తేలితే చాలు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇవన్నీ కలిసి 310వ సెక్షన్ అయ్యాయి. అంకె మారింది, సరుకు అదే.

గుంపులో ఉన్నావా లేదా? బందిపోటు కేసుల్లో ప్రశ్నంతా అదొక్కటే. ఇక ఈ దేశంలో కొన్ని కులాలకు ఆ ప్రశ్నకు జవాబు పుట్టక ముందే రాసిపెట్టి ఉంది. అక్కడికి మళ్ళీ వస్తాను.

కేసు మెట్లు చూడండి. 2006లో సెషన్స్ కోర్టు ఆరుగురికీ ఉరి వేసింది. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే అది తనంతట తాను అమలు కాదు, హైకోర్టు ఖరారు చెయ్యాలి. 2007 మార్చిలో బొంబాయి హైకోర్టు ముగ్గురికి ఉరి ఖరారు చేసి, మిగతా ముగ్గురికి యావజ్జీవంగా తగ్గించింది. ఉరి పడ్డ ముగ్గురు సుప్రీంకోర్టుకు అప్పీలుకు వెళ్ళారు. ప్రభుత్వం కూడా వెళ్ళింది, ఆ యావజ్జీవం పడ్డ ముగ్గురికీ ఉరే వెయ్యాలని.

2009 ఏప్రిల్ 30న ఇద్దరు జడ్జిల బెంచి తీర్పు చెప్పింది. ముద్దాయిల అప్పీళ్ళు కొట్టేసింది. ప్రభుత్వ అప్పీలును అనుమతించింది. ఆరుగురికీ ఉరి.

యావజ్జీవం నుంచి ఉరికి పెంచిన ఆ ముగ్గురి వాదన వినకుండానే ఇదంతా జరిగింది. శిక్ష పెంచాలంటే ముద్దాయికి చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్పష్టంగా చెప్పింది. వంద రూపాయల జరిమానాను రెండు వందలు చెయ్యాలన్నా ఈ నియమం వర్తిస్తుంది. ఇక్కడ ప్రాణం తియ్యాలన్నప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

విద్యార్థులు ఈ ముగ్గురి పరిస్థితిని గమనించాలి. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే పైన హైకోర్టు ఉంది. హైకోర్టు వేస్తే సుప్రీంకోర్టు ఉంది. మధ్యలో తగ్గిన ఉరిని సుప్రీంకోర్టే తిరిగి వేస్తే, ఆ పైన ఏ కోర్టూ లేదు. రివ్యూ పిటిషన్ ఒకటి మిగులుతుంది. అప్పట్లో రివ్యూ అంటే జడ్జిలు తమ ఛాంబర్‌లో కాగితాలు చూసి కొట్టెయ్యడమే, లాయరు నోరు విప్పే అవకాశం ఉండేది కాదు. అంటే "అప్పీలు ఉంది కదా" అన్న మాటకు ఈ ముగ్గురి విషయంలో అర్థమే లేకుండా పోయింది.

చరిత్రలోకి వెళ్దాం. ఈ "వినకుండా" అన్నది కొత్త అలవాటు కాదు.

1836లో ఈస్టిండియా కంపెనీ థగ్గుల చట్టం తెచ్చింది. నువ్వు ఫలానా రోజు ఫలానా మనిషిని చంపావని రుజువు చెయ్యనవసరం లేదు. చట్టం రాకముందో వచ్చాకో ఎప్పుడైనా థగ్గుల గుంపుకు చెందినవాడివని తేలితే చాలు, యావజ్జీవ కఠిన శిక్ష. చేసిన పనికి కాకుండా చెందినదానికి శిక్ష వెయ్యడం అన్న ఆలోచన మన నేర చట్టంలోకి అలా దిగింది. 1860 శిక్షాస్మృతిలో బందిపోటు ముఠాకు చెందినవాడన్న కారణానికి యావజ్జీవం వేసే 400వ సెక్షన్ దాని తమ్ముడే.

1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. ఇందులో ఇక ముఠా కూడా అక్కర్లేదు, కులం చాలు. ప్రభుత్వం ఒక జాతిని నేరస్థ జాతిగా నోటిఫై చేస్తే, ఆ నోటిఫికేషన్ సరైందా కాదా అని ఏ కోర్టూ ప్రశ్నించకూడదని చట్టంలోనే రాశారు. ఈ ఒక్క నిబంధన మీద నా తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఒక గంట కూర్చుని ఆలోచించాలి. హంతకుడికి అప్పీలు ఉంది. దొంగకు అప్పీలు ఉంది. "నీ కులం దొంగ కులం" అన్న ముద్రకు మాత్రం అప్పీలు లేదు.

1911లో చట్టాన్ని తిరగరాసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. మన ఎరుకల కుటుంబాల తల మీద పడింది అప్పుడే. వేలిముద్రలు, హాజరు, రాత్రిపూట ఊరు దాటితే అరెస్టు. పోయిన భాగంలో రాశాను: బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్‌కు మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఉప్పు అమ్ముకునే, బుట్టలల్లుకునే జనాన్ని తీసుకొచ్చి ముళ్ళకంపల్లో పడేసి, చీరాల పొగాకు కంపెనీకి కూలీలుగా తోలారు. "సంస్కరించడం" అని దానికి పేరు.

ఆ చట్టంలో శిక్షల లెక్క చూడండి. నోటిఫై అయిన జాతి మనిషికి కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్ళు, మూడోసారైతే ద్వీపాంతరం. దొంగతనం చెయ్యబోతున్నట్టు అనుమానం కలిగేలా కనబడితే మూడేళ్ళ దాకా. అదే పని ఊళ్ళో ఒక పెద్దరైతు కొడుకు చేస్తే మామూలు శిక్షాస్మృతి. ఒకే నేరం, కులాన్ని బట్టి రెండు శిక్షలు. మనువు రాసిన దానికీ దీనికీ భాషలో తేడా ఉంది, అంతే.

అంబేడ్కర్ 1948లో అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకం ముందుమాటలో ఈ నేరస్థ జాతుల జనాన్ని సుమారు రెండు కోట్లుగా లెక్కగట్టి, ఆదివాసులతో, అంటరానివాళ్ళతో కలిపి ఒకే వరసలో పెట్టాడు. ఈ మూడు వర్గాలను పుట్టించిన నాగరికతను నాగరికత అనవచ్చా అన్నది ఆయన వేసిన ప్రశ్న. మన ఉద్యమాల్లో ఆ మూడో వర్గాన్ని మనమే తరచు మరిచిపోతాం. విముక్త జాతుల వాళ్ళు మన సభలకు వస్తే వేదిక మీద కుర్చీ ఉండదు. ఇది ఎత్తి చూపినందుకు కోపం తెచ్చుకోకండి.

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో కేంద్రం ఒక విచారణ కమిటీ వేసింది. అధ్యక్షుడు మన తిరుపతి ప్రాంతం వాడే, తర్వాత లోక్‌సభ స్పీకర్ అయిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. చట్టం తీసెయ్యాలని కమిటీ చెప్పింది. దాని బదులు కులంతో సంబంధం లేకుండా "అలవాటుగా నేరాలు చేసేవాళ్ళ" మీద చట్టం పెట్టమని కూడా చెప్పింది. 1952 ఆగస్టు 31న నేరస్థ జాతుల చట్టం రద్దయింది. ఆ తేదీనే విముక్త దినంగా జరుపుకుంటాం. రాష్ట్రాలు మాత్రం అలవాటు నేరస్థుల చట్టాలు తెచ్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్ 1962లో తెచ్చింది.

చట్టం పోయింది, రిజిస్టర్ పోలేదు. కానిస్టేబుల్ చేతిలో పాత పేర్లే ఉన్నాయి, పాత వాడలే ఉన్నాయి. తెలుగులో మనం తిట్టుగా వాడే "కేడీ" అన్న మాట ఎక్కడిదో తెలుసా? పోలీసు రికార్డుల్లో దోపిడీలకు పేరుపడ్డవాడికి రాసే "నోన్ డిప్రెడేటర్" అన్న ఇంగ్లీషు మాటకు పొట్టి రూపం అది. స్టేషన్ రిజిస్టర్లోంచి వీధిలోకి, వీధిలోంచి సినిమా పాటలోకి వచ్చింది. ఇక స్టువర్టుపురం పేరు మీద ఎన్ని సినిమాలొచ్చాయో మీకే తెలుసు. 1991లో వచ్చాయి, 2023లోనూ వచ్చింది. ఆ ఊళ్ళో చదువుకుని ఉద్యోగాలు చేస్తున్నవాళ్ళ మీద ఒక్క సినిమా రాలేదు.

ఇప్పుడు జాల్నా ఆసుపత్రిలో ఆ తల్లికి చూపించిన ఫొటోల దగ్గరికి తిరిగి రండి. ఫొటోల ఫైలు అనేది ఆ పాత రిజిస్టర్‌కు బొమ్మలు తగిలించిన రూపం. పెద్ద నేరం జరిగితే మొదట తెరిచేది దాన్నే. అందులో గుర్తుపట్టినవాడు దొరకకపోతే, అందులో ఉన్నవాళ్ళలాంటి ఇంకొకడు దొరుకుతాడు. గుడారాల్లో ఉండేవాడు, ఇంటి నంబరు లేనివాడు, ఆ రాత్రి ఎక్కడున్నావంటే సాక్షిగా పెళ్ళాం తప్ప ఎవరూ లేనివాడు. 'జై భీమ్' సినిమా చూసి కన్నీళ్ళు పెట్టుకున్నాం కదా, దాని వెనకున్న అసలు ఘటనలో పోలీసుల చేతిలో చచ్చిపోయిన మనిషి కురవ కులస్థుడు. మన ఎరుకల వాళ్ళకు చుట్టమే. అక్కడా మొదలు దొంగతనం కేసే.

2009 తీర్పు తర్వాత ఏమైంది? సరిగ్గా పదమూడు రోజులకు, మే 13న, సుప్రీంకోర్టులోనే మరో బెంచి ఇంకో కేసులో ఒక మాట చెప్పింది. నేరం ఎంత ఘోరంగా ఉందో చూస్తే చాలు, నేరం చేసినవాడి పరిస్థితులు చూడనక్కర్లేదు అన్న ధోరణిలో 1996 నుంచి కొన్ని ఉరిశిక్షలు వేస్తూ వచ్చామని, అది 1980 నాటి బచ్చన్ సింగ్ తీర్పుకు విరుద్ధమని ఒప్పుకుంది. 2012లో పద్నాలుగు మంది రిటైర్డ్ జడ్జిలు రాష్ట్రపతికి రాశారు: ఇలా పొరపాటు పద్ధతిలో ఉరి పడ్డవాళ్ళు ఇంకా పదమూడు మంది జైళ్ళలో ఉన్నారు, వాళ్ళ ఉరి రద్దు చెయ్యండి అని. ఆ పదమూడు మందిలో ఈ ఆరుగురున్నారు.

ఆ ఆరుగురిలో ఒకడు నేరం జరిగిన రోజుకి మైనర్ అని కూడా తేలింది. మైనర్‌కు ఉరి వెయ్యకూడదన్నది మన చట్టంలో మొదటి పాఠం. మూడు కోర్టులు దాటినా అతని వయసు ఎవరికీ పట్టలేదు. బడికి వెళ్ళని పిల్లాడికి పుట్టిన తేదీ కాగితం ఎక్కడుంటుంది?

2014 సెప్టెంబర్‌లో ఒక మలుపు. ఉరి కేసుల్లో రివ్యూ పిటిషన్లను ఛాంబర్‌లో కాకుండా బహిరంగ కోర్టులో, ముగ్గురు జడ్జిలు, లాయర్ల వాదన విని తేల్చాలని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మూసిన తలుపులు కొంచెం తెరుచుకున్నాయి. 2018 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తన 2009 తీర్పును తానే వెనక్కి తీసుకుని అప్పీళ్ళను మళ్ళీ వింది.

2019 మార్చి 5. జస్టిస్ సిక్రీ, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షాల బెంచి. ఆరుగురూ నిర్దోషులు.

రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. 2003 జూన్‌కూ 2019 మార్చికీ మధ్య కొత్త సాక్షి ఎవరూ రాలేదు. అదే తల్లి, అదే కొడుకు, అవే వాంగ్మూలాలు, అదే జూన్ 7. 2009లో ఉరికి సరిపోయిన సాక్ష్యం 2019లో ఒక్క రోజు జైలుకు కూడా సరిపోలేదు. తేడా ఎక్కడంటే, రెండోసారి జడ్జిలు ఫొటోల సంగతి దగ్గర ఆగారు. గుర్తుపట్టిన నలుగురిని ఎందుకు వదిలేశారని అడిగారు. ముద్దాయిలు సంచార జాతులకు చెందిన నిరుపేద కూలీలని, ఇలాంటి పెద్ద నేరాల్లో అమాయకులను ఇరికించడం జరుగుతూ ఉంటుందని, తప్పుడు కేసు కాదని అనలేమని తీర్పులో రాశారు. సుప్రీంకోర్టు నోటి నుంచి ఈ మాట రావడం చిన్న విషయం కాదు. మన పిటిషన్లలో వాడుకోవాల్సిన పేరా అది.

కోర్టు మూడు ఆదేశాలిచ్చింది. ఆరుగురికీ తలా ఐదు లక్షలు పరిహారం ఇవ్వాలి. దర్యాప్తును తప్పుదారి పట్టించిన అధికారులెవరో తేల్చి శాఖాపరమైన చర్య తీసుకోవాలి. ఆ తల్లి మొదట చూపించిన నలుగురి మీద తిరిగి దర్యాప్తు చెయ్యాలి.

ఐదు లక్షలంటే లెక్క వేశాను. పదహారేళ్ళకు రోజుకు ఎనభై ఆరు రూపాయలు కూడా రావు. ఆ ఏడు మహారాష్ట్రలో ఉపాధి హామీ కూలి రోజుకు రెండు వందల పైమాటే. పైగా ఆ పదహారేళ్ళలో ఎక్కువ భాగం ఉరి ఖైదీలుగా ఒంటరి గదుల్లో గడిచింది. పొద్దున గొళ్ళెం చప్పుడైతే ఎందుకో తెలియని బతుకు. పిల్లలు పెరిగారు, పెద్దలు పోయారు. దానికి ధర కట్టే పట్టిక ఏ చట్టంలోనూ లేదు. తప్పుగా శిక్ష పడ్డవాళ్ళకు పరిహారం హక్కుగా ఇచ్చే ప్రత్యేక చట్టం ఈ దేశంలో ఇప్పటికీ లేదు, జడ్జి దయ మీద ఆధారం.

ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "వీళ్ళు నిర్దోషులు కాబట్టి వీళ్ళ గురించి రాస్తున్నావు, నిజంగా చేసినవాళ్ళ సంగతేంటి?" మన దగ్గరి కేసే గుర్తు చేసుకోండి. 1993 మార్చి 8 తెల్లవారుజామున చిలకలూరిపేట దగ్గర ప్రయాణికులను దోచుకోబోయి బస్సులో పెట్రోలు చల్లి నిప్పంటించారు, ఇరవై ముగ్గురు కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. అప్పీళ్ళు అన్నీ పోయాయి, 1996లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. హక్కుల సంఘాలు, రచయితలు ఊరూరా తిరిగి సంతకాలు సేకరించారు. ఉరి ఆఖరి ఘడియల్లో ఆగింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దాన్ని యావజ్జీవంగా మార్చారు. అక్కడ వాదన నిర్దోషులని కాదు. ఇరవై మూడు ప్రాణాలు పోయాయన్నది ఎవరూ కాదనలేదు. చంపాలని ఎక్కినవాళ్ళు కాదు, డబ్బు కోసం ఎక్కిన పేద కుర్రాళ్ళు అన్నది వాదన. కారంచేడులో, చుండూరులో పట్టపగలు నరికినవాళ్ళలో ఎవరికీ ఉరి పడని రాష్ట్రంలో వీళ్ళకే ఎందుకు పడింది అన్నది ప్రశ్న. ఆ ప్రశ్నకు అప్పీలు కోర్టులో కాలమ్ లేదు.

ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీ వాళ్ళు దేశంలోని ఉరి ఖైదీలను కలిసి 2016లో నివేదిక వేశారు. నాలుగింట మూడు వంతుల మంది వెనకబడిన కులాలు, దళితులు, ఆదివాసులు, మతపరమైన మైనారిటీలు. దాదాపు అంతే శాతం ఆర్థికంగా చితికిపోయినవాళ్ళు. దేశంలో దోపిడీలు, హత్యలు చేసేది ఆ కులాలేనా? లేక లాయర్ని పెట్టుకోలేని కులాలా?

కొంత కదలిక ఉంది, అదీ చెప్పాలి. 2024 మేలో ఢిల్లీకి సంబంధించిన ఒక హిస్టరీ షీట్ కేసులో సుప్రీంకోర్టు, వెనకబడిన, దళిత, ఆదివాసీ వర్గాల వాళ్ళ పేర్లను పుట్టుక చూసి యాంత్రికంగా ఈ షీట్లలోకి ఎక్కించే ధోరణిని తప్పుపట్టి, రాష్ట్రాలన్నీ తమ పద్ధతులు తిరిగి చూసుకోవాలంది. అదే ఏడాది అక్టోబర్ 3న, జర్నలిస్టు సుకన్య శాంత వేసిన పిటిషన్‌లో, జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నియమాలనూ, సంచార, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూసే నియమాలనూ కొట్టేసింది. ఆ పిటిషన్ ప్రశ్నించిన రూల్స్‌లో మన ఆంధ్రప్రదేశ్ జైలు రూల్సూ ఉన్నాయి. 1952లో రద్దయిన చట్టం మన జైలు పుస్తకంలో 2024 దాకా బతికే ఉందన్నమాట.

లా విద్యార్థులకు ఒక పని చెబుతాను. మీ జిల్లాలో బందిపోటు కేసుల తీర్పులు ఓ పది తీసుకోండి. ముద్దాయిల కులం తీర్పులో రాయరు, ఊరు, వాడ చూస్తే మీకు తెలుస్తుంది. మొదటి గుర్తింపు ఎప్పుడు జరిగింది, ఫొటోలు ముందే చూపించారా, పరేడ్‌కు ఎన్నాళ్ళు పట్టింది, మొదట చెప్పిన మనుషుల సంఖ్య తర్వాత పెరిగిందా, ముద్దాయికి లాయరు ఎప్పుడు దొరికాడు, రాసుకోండి. ఐదుగురు కాకపోతే బందిపోటు కాదు కాబట్టి ఐదో మనిషి ఎక్కడి నుంచి వచ్చాడో ప్రత్యేకంగా చూడండి.

ఇక ఆ నలుగురు. నిర్దోషుల విడుదల తీర్పు చదివి సంబరపడ్డాక నాకు మిగిలిన సందేహం అదే. ఆరుగురి మీది అనుమానం కోర్టు ఆదేశంతో నలుగురి మీదికి మళ్ళింది. ఆ తల్లి వాళ్ళను సరిగ్గానే గుర్తుపట్టి ఉండొచ్చు. అయితే వాళ్ళను పదహారేళ్ళు కాపాడింది ఎవరో తేలాలి. సరిగ్గా గుర్తుపట్టకపోయి ఉండొచ్చు కూడా, ఎందుకంటే ఆ రోజు ఆమెకు చూపించింది ఫైలులో ఉన్న ముఖాలనే, లేనివాటిని ఎవరూ చూపించలేరు. ఆ నలుగురి ఫొటోలు అసలు ఆ ఫైలులోకి ఎలా ఎక్కాయి, ఎవరి నిర్ణయంతో ఎక్కాయి అన్నది 2006లోనూ 2007లోనూ 2009లోనూ 2019లోనూ ఏ కోర్టు ముందుకూ ప్రశ్నగా రాలేదు.

వచ్చే భాగం కావలి సెటిల్‌మెంట్ మీద. అక్కడి కుటుంబాల దగ్గర పాత హాజరు కాగితాలు, ఫొటోలు ఏవైనా ఉంటే ఇన్‌బాక్స్‌లో పంపండి, పేర్లు బయట పెట్టను.